మెదడు బొమ్మ చెప్పు జోస్యము

తలకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రిలోనికి కొనిపోయిన తరువాత, స్కాను గది తలుపు వెలుపల నిలిచియున్న బంధువులు రెండు ప్రశ్నలు అడుగుదురు. మొదటిది, ప్రాణము నిలుచునా అన్నది. రెండవది కొంత ఆలస్యముగా, కొంత మెల్లగా వచ్చును. పాలమూరు పలుకుబడిలో అది ఇట్లుండును: "మల్ల మునుపటి లెక్క అయితడా, సారూ?" ఆ ఒక్క మాటలో అతని నడక, పలుకు, జ్ఞాపకము, కోపతాపములు, చేతిపని, ఇల్లు నడపగల శక్తి అన్నియు ఇమిడియున్నవి. సమాధానము చెప్పుటకు ముందు వైద్యుడు కంప్యూటరు తెర వంక చూచును. అచట నలుపు తెలుపులలో ఒక బొమ్మ యుండును. ఆ బొమ్మను చూచి ఒక మనిషి ముందు దినములను చెప్పు విద్య ఎట్లు పుట్టినది, ఎంత పెరిగినది, ఎచట ఆగిపోవుచున్నది అన్నదే ఈ ప్రసంగ విషయము.

ఈ చరిత్రను నేను తిమ్మాజిపేటలో నిలుచుండి చూడదలచితిని. నగరమునుండి చూచినచో ఇది యంత్రముల కథగా మాత్రమే కనబడును. తిమ్మాజిపేట నేడు నాగర్‌కర్నూలు జిల్లాలో ఒక మండల కేంద్రము. 2016 వరకు మహబూబ్‌నగరు జిల్లాలోనిది. జడ్చర్లనుండి నాగర్‌కర్నూలు వైపు పోవు త్రోవలో నున్నది. జడ్చర్ల వద్ద హైదరాబాదు – బెంగుళూరు రహదారి తగులును. అచటినుండి హైదరాబాదు 80 కిలోమీటర్లకు మించిన దూరము. ఈ దూరమును జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. దీనితో మనకు పని కలదు.

తలగాయమును చూచి ఫలితము చెప్పుట కొత్త విద్య కాదు. ఈజిప్టు దేశమున క్రీస్తునకు పూర్వము 1600 ప్రాంతమున వ్రాయబడిన ఒక శస్త్రవైద్య గ్రంథము, 1862లో లక్సరు పట్టణమున ఎడ్విన్ స్మిత్ అను అమెరికను చేతికి వచ్చినది. అందు 48 గాయముల వర్ణన కలదు. వానిలో సగమునకు మించి తలకు సంబంధించినవే. ఆ వైద్యుడు వ్రేళ్లతో గాయమును తడవి చూచి, రోగి మాటాడుచున్నాడా, మెడ బిగుసుకొన్నదా, ముక్కు చెవులనుండి రక్తము స్రవించుచున్నదా అని పరీక్షించి, మూడు తీర్పులలో ఒకదానిని చెప్పుచుండెను: చికిత్స చేయదగినది, పెనుగులాడి చూడదగినది, చేయవలసినది ఏమియు లేనిది. మూడున్నర వేల సంవత్సరములు గడచినను ఆ మూడు గడులు అట్లే యున్నవి. మారినదెల్లయు, రోగిని ఏ గడిలో వేయవలెనో తెలిసికొను ఉపాయము మాత్రమే.

ఆ ఉపాయమునకు గల అడ్డంకి కపాలము. దేవుడు మెదడును రక్షించుటకు పెట్టిన ఆ ఎముకపెట్టె వైద్యుని కంటికి కూడ తలుపు మూసివేసినది. 1895 నవంబరులో జర్మనీ దేశమున రంట్‌జెన్ ఎక్సు కిరణములను కనుగొనినప్పుడు ఆ తలుపు తెరుచుకొన్నదని అందరు తలచిరి. కాని ఆ కిరణములు ఎముకను చూపినవే కాని, దానిలోపలి మెత్తని మెదడును చూపలేదు. కపాలము పగిలినదని తెలియును. లోపల ఏమి జరిగినదో తెలియదు. ఎముక పగిలినను మెదడు క్షేమముగా నుండవచ్చును, ఎముకమీద గీత యైనను పడకుండ లోపల సర్వనాశనము జరిగియుండవచ్చును. ఈ రెండును ప్రతిదినము ఆసుపత్రులలో కనబడు సంగతులే.

విచిత్రమేమనగా, మెదడు లోపలి ఆకృతిని మొదట చూపినది తలగాయమే. 1913లో అమెరికా వైద్యుడు లకెట్ ఒక రోగిని గూర్చి ప్రకటించెను. కపాలము పగిలిన ఆ రోగి మెదడులోని కుహరములలోనికి గాలి చొరబడినది. ఆ గాలి వలన ఎక్సు కిరణ చిత్రములో కుహరముల రూపురేఖలు స్పష్టముగా పడినవి. యాదృచ్ఛికముగా జరిగిన ఆ పనిని బాల్టిమోరు శస్త్రవైద్యుడు వాల్టరు డాండీ 1918లో బుద్ధిపూర్వకముగా చేసెను. కపాలమునకు రంధ్రము చేసి, కుహరములలోని ద్రవమును తీసి, గాలి నింపి చిత్రము తీసెను. 1927లో పోర్చుగీసు వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెడలోని ధమనిలోనికి మందు ఎక్కించి మెదడు రక్తనాళములను చిత్రించెను. రక్తపు గడ్డ ఎచటనున్నను ఆ నాళములు ప్రక్కకు నెట్టబడి కనబడును. ఈ పద్ధతులతో శస్త్రవైద్యులు అర్ధశతాబ్దము గడపిరి. అవి రోగికి దుర్భర బాధ కలిగించినవి, కొందరికి ప్రాణాపాయమును తెచ్చినవి. అదియుగాక, అవి ఎచట కోయవలెనో చెప్పినవే కాని, కోసిన తరువాత మనిషి ఏమగునో చెప్పలేకపోయినవి.

ఇచట రేడియో శ్రోతలకు ప్రీతికరమైన సంగతి యొకటి కలదు. మన పెద్దలు కుక్కబొమ్మ గ్రామఫోను రికార్డులను భద్రముగా దాచుకొనెడివారు గదా! ఆ రికార్డులను చేయించిన ఇంగ్లండు దేశపు ఇ.ఎం.ఐ. సంస్థయందే గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు పనిచేయుచుండెను. ఆయన వైద్యుడు కాడు. ఒక పెట్టెను తెరువకుండ, అన్ని దిక్కులనుండి దానిగుండ కిరణములు పంపి, బయటికి వచ్చిన కిరణముల బలమును లెక్కించినచో, పెట్టెలోపల ఏ చోట ఏమున్నదో కంప్యూటరుచే గణింపవచ్చునని ఆయన ఊహ. దక్షిణాఫ్రికాలో పుట్టిన భౌతికశాస్త్రజ్ఞుడు కార్మాక్ అంతకుముందే, 1963 – 64లో, ఇట్టి గణితమును ప్రకటించియుండెను. దానిని పట్టించుకొన్నవారు బహు కొద్దిమంది. హౌన్స్‌ఫీల్డ్ తన మొదటి పరికరముపై ఒక్క చిత్రమునకు కిరణములు పంపి లెక్కలు సేకరించుటకు తొమ్మిది దినములు పట్టెను. తరువాత పరికరము మెరుగుపడినది. 1971 అక్టోబరు 1న లండను సమీపమున ఆట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో, ఆంబ్రోజ్ అను వైద్యుని సహకారముతో, ఒక స్త్రీ తలను మొదటిసారి చిత్రించిరి. 1979లో హౌన్స్‌ఫీల్డ్, కార్మాకులకు నోబెలు బహుమానము వచ్చెను.

ఆ యంత్రము చేసిన పని యేమనగా, మెదడును సన్నని పొరలుగా కోసినట్లు చూపి, ప్రతి చుక్కకు ఒక సంఖ్య నిచ్చినది. నీరు సున్న. గాలి సున్నకు దిగువ 1000. ఎముక ఎగువన వేయి వరకు పోవును. మెదడు ముప్పది నలుబదుల నడుమ నుండును. అప్పుడే గడ్డకట్టిన రక్తము అరువది, ఎనుబది వరకు పోవును. ఈ చిన్న వ్యత్యాసమే ప్రాణాధారము. మెదడు బూడిదరంగుగాను, క్రొత్త నెత్తురు తెల్లగాను కనబడినవి. కపాలమునకు ఆనుకొని కుంభాకారపు తెల్లని మచ్చ యున్నచో పై పొరకు వెలుపలి గడ్డ. నెలవంక వలె నున్నచో పై పొరకు లోపలి గడ్డ. చూచిన నిమిషములలో శస్త్రవైద్యుడు కత్తి పట్టవచ్చును. తలగాయముల చికిత్సకు ఇంతటి మేలు చేసిన యంత్రము మరియొకటి లేదని నా అభిప్రాయము.

కాని జోస్యము చెప్పుటకు బొమ్మ చాలదు. ఫలితమును కొలుచు కొలబద్ద కూడ కావలెను. "బాగుపడినాడు" అని ఒక వైద్యుడు వ్రాసినది మరియొకనికి "మంచము పట్టినాడు" అన్నట్లు తోచినచో, ఏ బొమ్మ దేనికి దారితీసినదో ఎట్లు తేలును? ఈ కొరతను తీర్చినవారు స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున పనిచేసినవారు. 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అను ఇరువురు స్పృహను కొలుచు పట్టికను ప్రకటించిరి. కన్ను తెరచుట, మాటాడుట, అవయవములు కదలించుట అను మూడింటికి మార్కులు వేసి కూడుదురు. కనిష్ఠము 3, గరిష్ఠము 15. అందుకు కావలసినవి వైద్యుని కన్ను, చెవి, చేయి మాత్రమే. మరుసటి సంవత్సరము జెన్నెట్, బాండ్ కలిసి ఫలితముల పట్టికను ఇచ్చిరి: మరణము, స్పృహలేని జీవనము, ఇతరులపై ఆధారపడిన జీవనము, కొంత లోపముతో స్వతంత్ర జీవనము, మంచి కోలుకొనుట. మన స్కాను గది ముందు వినబడిన రెండవ ప్రశ్నకు శాస్త్రభాషలో చోటు దొరికినది ఆనాడే.

కొలబద్దలు సిద్ధమైన తరువాత బొమ్మలను వర్గీకరించుట సాగినది. 1991లో అమెరికా శస్త్రవైద్యుడు మార్షల్, ఆయన సహచరులు తీవ్రమైన తలగాయము తగిలిన 746 మంది స్కానులను పరిశీలించి ఒక వర్గీకరణమును ప్రకటించిరి. వారు చూచినవి ముఖ్యముగా మూడు. మొదటిది, మెదడు అడుగున నుండు ద్రవపు మడుగులు. కపాలము మూత బిగించిన కుండ వంటిది. మెదడు వాచినప్పుడు ముందుగా ఎండిపోవునవి ఆ మడుగులే. రెండవది, కుడి ఎడమ భాగముల నడిమి గీత ఒక వైపునకు జరుగుట. అయిదు మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు బియ్యపుగింజ పొడవు, దాటినచో ప్రమాదము పెద్దది. మూడవది, రక్తపు గడ్డ పరిమాణము. బొమ్మలో చెడుగు ఏమియు కనబడని వారిలో మరణించినవారు నూటికి 9.6, మడుగులు తెరచియుండి, గీత పెద్దగా జరుగనివారిలో 13.5, మడుగులు మూసుకొన్నవారిలో 34, గీత అయిదు మిల్లీమీటర్లకు మించి జరిగినవారిలో 56.2. మొట్టమొదటిసారి బొమ్మ, సంఖ్యలలో మాటాడినది.

2005లో రాటర్‌డామ్ నగరపు పండితులు దీనిని సరిదిద్ది, 1నుండి 6వరకు మార్కులు వేయు పద్ధతి కల్పించిరి. అందు ఒక సూక్ష్మము కలదు. పై పొరకు వెలుపలి గడ్డ చూచుటకు భయంకరముగా నుండును. కాని అది కనబడినచో రోగికి మేలైన మార్కే పడును. ఏలనగా, ఆ గడ్డ క్రింది మెదడు తరచుగా చెడియుండదు. కాలము మించకుండ దానిని తీసివేసినచో మనిషి లేచి నడచును. కాలము మించకుండ అన్న ఆ మాటను ఏ బొమ్మయు చూపదు. ఇచటనే మనము తిమ్మాజిపేటకు తిరిగి రావలెను.

ఒకే దెబ్బ, ఒకే స్పృహస్థితి గల ఇరువురు మనుష్యులు రెండు దేశములలో పడినచో ఏమగును? 1989లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ ప్రశ్ననే అడిగినది. అమెరికాలోని షార్లట్స్‌విల్ నగరపు రోగులను, మన న్యూఢిల్లీ రోగులను పోల్చి చూచిరి. మొత్తము మీద మరణములు అచట నూటికి 7.2, ఇచట 11. ఈ భేదము అంత పెద్దదిగా తోచదు. కాని లోతుగా చూచినప్పుడు అసలు సంగతి బయటపడినది. మాట వినలేకపోయినను నొప్పి కలిగిన చోటికి చేయి తీసికొనిపోగల రోగులు, అనగా మధ్యస్థముగా దెబ్బతినినవారు, అచట నూటికి 4.8 మంది మరణింపగా, ఇచట 12.5 మంది మరణించిరి. ఢిల్లీలో దెబ్బతిన్న స్థలమునుండి ఆసుపత్రి వరకు గల త్రోవలో చూచు నాథుడు లేకపోవుట, తీవ్ర చికిత్సా విభాగములో సౌకర్యములు తక్కువగుట దీనికి కారణములని పరిశోధకులు తలచిరి. చనిపోవలసిన అవసరము లేనివారు చనిపోయిరన్నమాట. దేశ రాజధానియందే ఇట్లున్నప్పుడు, రాజధానికి దూరపు మండలముల సంగతి వేరుగ చెప్పవలెనా?

2008లో వెలువడిన మరియొక పరిశోధన దీనిని గణితమునకే ఎక్కించినది. తలగాయములకు స్టెరాయిడు మందు ఇచ్చుట మంచిదా యని తేల్చుటకు అంతకుముందు 49 దేశములలో 10,008 మంది రోగులపై ఒక గొప్ప పరీక్ష జరిగినది. దాని ఫలితము 2004లో వచ్చి వైద్యలోకమును దిగ్భ్రాంతి నొందించెను: ఆ మందు మేలు చేయకపోగా మరణములను పెంచినది. దశాబ్దములపాటు మంచి నమ్మకముతో ఇచ్చుచుండిన మందు అది! ఆ పదివేలమంది వివరములనుండియే జోస్యపు సూత్రములను తయారుచేసిరి. వయస్సు, స్పృహ మార్కు, కనుపాపలు వెలుగునకు ముడుచుకొనుట, ఇతర అవయవముల గాయములు, వీనికి తోడు స్కానులోని లక్షణములు – ఇవి అందలి అంగములు. కాని అన్ని దేశములకు ఒకే సూత్రము పనికిరాలేదు. సంపన్న దేశములకు ఒకటి, తక్కిన దేశములకు ఒకటి వేరువేరుగ వ్రాయవలసివచ్చెను. అదే వయస్సు, అదే స్పృహ, అదే బొమ్మ; దేశము మారినచో జోస్యము మారును. బొమ్మ మెదడును మాత్రమే చూపుచున్నదని మనము తలచుచున్నాము. నిజమునకు ఆ బొమ్మ చెప్పు భవిష్యత్తులో రోడ్డు, అంబులెన్సు, రక్తనిధి, రాత్రి మేలుకొని యున్న నర్సు అందరు కలిసియున్నారు.

పాలమూరు ప్రాంతమునకు తలగాయము అపరిచితమైనది కాదు. ఈ నేల మనుష్యులు తరతరములుగా దేశమంతట ఆనకట్టలు, కాలువలు, మేడలు కట్టుటకు వలసపోయినవారు. పరంజా నుండి జారినవాడు, తాటిచెట్టునుండి పడిన గీత పనివాడు, మోటారు సైకిలుపై చీకటిలో రహదారి దాటినవాడు – ఈ మువ్వురిని ఏ ఆసుపత్రివారైనను ఎరుగుదురు. హైదరాబాదున 2005 ఆగస్టు 15న 108 నంబరు అంబులెన్సులు బయలుదేరినవి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మొదట మూడు జిల్లాలలోనే ప్రారంభమయ్యెను. అనంతపురము, శ్రీకాకుళములతో పాటు మహబూబ్‌నగరు వానిలో నొకటి. వెనుకబాటుతనమే దానికి ఆ ముందు వరుసను సంపాదించిపెట్టినది. మహబూబ్‌నగరున 2016లోను, నాగర్‌కర్నూలున 2022లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. వీనిలో ఒక్కటియు స్కాను యంత్రమును కనిపెట్టలేదు. అయినను తిమ్మాజిపేట మనిషి విషయమున బొమ్మ చెప్పు జోస్యమును మార్చు శక్తి వీనికే యున్నది.

ఇక బొమ్మ చూపలేని సంగతులు. మార్షల్ పట్టికలో చెడుగు ఏమియు కనబడని వారిలో సైతము నూటికి ఇంచుమించు పదిమంది ఏల మరణించిరి? దీనికి సమాధానము స్కాను పుట్టకముందే దొరికియుండెను. 1956లో సబీనా స్ట్రిచ్ అను వైద్యురాలు, తలగాయము తరువాత తెలివి తిరిగిరాక మరణించినవారి మెదళ్లను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, తెల్లని తంతువులు ఎల్లెడల తెగి క్షీణించియుండుటను చూచెను. తల ఒక్కసారిగా గిరుక్కున తిరిగినప్పుడు, లోపలి తంతువులు సాగి తెగును. ఇల్లంతయు నిలిచియున్నను లోపలి కరెంటు తీగలు తెగినట్టి స్థితి. అయస్కాంత శక్తితో పనిచేయు ఎం.ఆర్.ఐ. యంత్రము ఈ తెగిన చోట్లను కొంతవరకు చూపగలదు. సి.టి. స్కాను శుభ్రముగా నున్న స్వల్పగాయపు రోగులలో నూటికి 27 మందికి ఎం.ఆర్.ఐ.లో దోషము కనబడినదని 2013లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. "స్కానులో ఏమియు లేదు, ఇంటికి పొమ్మనిరి, అయినను పిల్లవాడు మునుపటివలె లేడు" అని చెప్పు తల్లి మాటను కొట్టివేయరాదని దీనివలన తేలుచున్నది.

2006లో జరిగిన ప్రయోగము మరింత ఆశ్చర్యకరమైనది. రోడ్డు ప్రమాదమున దెబ్బతిని, అయిదు నెలలు గడచినను ఏ పిలుపునకు పలుకని 23 సంవత్సరముల యువతిని, ఏడ్రియన్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు ఎం.ఆర్.ఐ. యంత్రములో పరుండబెట్టి, టెన్నిసు ఆడుచున్నట్లు ఊహించుమని చెప్పెను. ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగము వెలిగినదో, ఆమె మెదడులోను అదే భాగము వెలిగెను. ఆమె వినుచున్నది, చెప్పినట్లు చేయుచున్నది. ఇది ఒక్కరి ముచ్చట కాదు. 2024లో వెలువడిన పరిశోధనలో, మంచముకడ ఏ ఆజ్ఞకును స్పందింపని 241 మందిలో నూటికి 25 మంది ఇట్లు లోలోపల స్పందించుచున్నట్లు తేలినది. ఈ పరీక్ష చేయగల చోట్లు లోకములోనే కొద్ది. మన జిల్లా ఆసుపత్రులలో దానిని ఆశించుట నేడు పొరపాటు.

ఈ విద్యలో నాకు భయము గొల్పు అంశమొకటి కలదు. జోస్యము చెప్పుటయే జోస్యమును నిజము చేయవచ్చును. కెనడాలోని ఆరు ఆసుపత్రులను పరిశీలించి 2011లో ప్రకటించిన లెక్క ప్రకారము, తీవ్రమైన తలగాయములతో అచట మరణించినవారిలో నూటికి 70 మంది విషయమున, ప్రాణాధార యంత్రములను తొలగించిన తరువాతనే మరణము సంభవించినది. ఈ సంఖ్య ఒక ఆసుపత్రిలో 45, మరియొక దానిలో 87. అట్టి మరణములలో సగము మొదటి మూడు దినములలోనే. మనుష్యుల మెదళ్లు ఆసుపత్రిని బట్టి ఇంతగా మారునా? మారినవి తీర్పులు. మన ప్రాంతమున యంత్రము తొలగించుట అరుదు. మనవారు మనిషినే తొలగింతురు. "ఆశ లేదట" అన్న మాట చెవిని పడగానే, చేతిలో పైకము చెల్లిపోయిన కుటుంబము వాహనము మాట్లాడుకొని రోగిని ఊరికి తెచ్చుకొనును. ఆ తరువాత జరిగినదానిని బొమ్మ ముందే చెప్పినదని అందురు. ఆ లెక్క ఏ పుస్తకములోనికిని ఎక్కదు.

2018లో ముంబయిలోని క్యూర్ ఏఐ సంస్థవారు మన దేశపు తల స్కానులు మూడు లక్షలకు పైగా సేకరించి, వానినుండి కంప్యూటరుకు రక్తస్రావమును, నడిమి గీత జరుగుటను గుర్తించుట నేర్పితిమని ప్రకటించిరి. వైద్యుడు లేని రాత్రివేళ చిన్న పట్టణములో ఇది ఉపకారమే. అయినను గడ్డను గుర్తించుట వేరు, గడ్డ తీసిన తరువాత మనిషి ఏమగునో చెప్పుట వేరు. రెండవది నేర్పవలెనన్నచో, ఆరు నెలల తరువాత ఆ రోగి ఎట్లున్నాడో ఎవరో ఒకరు పోయి కనుగొని వ్రాసియుండవలెను.

మొన్న చెప్పిన పదివేలమంది పరీక్షలో ఆ పని చేసిరి. ఆరు నెలలకు రోగుల ఇండ్లకు ప్రశ్నపత్రములు పోయినవి, టెలిఫోనులు పోయినవి. గ్లాస్గో పట్టికను అనుసరించి అడుగు ఆ ప్రశ్నలు అతి సామాన్యమైనవి. ఇంట ఒంటరిగా ఒక దినము ఉండగలడా? అంగడికి పోయి సరకు తెచ్చి, చిల్లర సరిగా లెక్కపెట్టుకొని రాగలడా? బస్సు ఎక్కి ఒంటరిగా ఊరు పోగలడా? పూర్వము చేసిన పనియే చేయుచున్నాడా, సగమే చేయుచున్నాడా? ఇంటివారితో, స్నేహితులతో మునుపటివలె నున్నాడా, చీటికిమాటికి కోపపడుచున్నాడా? తిమ్మాజిపేటలో ఈ ప్రశ్నలకు సమాధానములు తెలిసినవారు కలరు. అవి అతని భార్యకు, అంగడివానికి, బస్సు కండక్టరుకు, పనికి పిలుచు మేస్త్రీకి తెలియును. వారిని ఇంకను ఎవరును అడుగలేదు.